కుక్కసాక్ష్యం

డాక్టర్ యామిని నేలమీద రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో గడ్డపెరుగు కలిపిన అన్నం. రెండోదాంట్లో, పొద్దున్నే విశ్వంభరం తన పెరట్లోంచి సంచీలో కట్టి, ముక్కు మూసుకుని మోసుకొచ్చిన సరుకు.

“గొలుసు వదలండి మాస్టారూ,” అంది.

విశ్వంభరం వదిలాడు. దొర ఆయన పెంపుడు కుక్క. తేనెరంగు లాబ్రడార్, చూడముచ్చటైన జీవి. అది పెరుగన్నం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తిన్నగా రెండో గిన్నె దగ్గరికెళ్ళి, తన పెంట తనే, తోకాడిస్తూ, ఎంతో ఇష్టంగా తినడం మొదలుపెట్టింది.

విశ్వంభరానికి తల కొట్టేసినట్టయింది. ఇక్కడ చూసింది డాక్టరొక్కతే కాబట్టి సరిపోయింది. మొన్నటికి మొన్న ఆయన ఇంట్లో పెద్దలందరూ చేరి సాహిత్యం మాట్లాడుకుంటూంటే, ఈ దొరే పెరట్లో విందు ముగించుకుని వచ్చి, హైదరాబాదు నుంచి వచ్చిన అతిథి మూతి శుభ్రంగా నాకిపెట్టింది. ‘ఎంత ప్రేమండీ దీనికి!’ అని ఆ పెద్దమనిషి మురిసిపోయాడు. కిటికీలోంచి పెరట్లోకి చూసినవాళ్ళు మాత్రం ఆ పూట కాఫీ ముట్టలేదు.

కారం చల్లి చూశాడు. వేపనూనె పోసి చూశాడు. కొట్టాడు, మూతికి చిక్కం కట్టాడు. కారం చల్లితే దొర కారంతో తినడం నేర్చుకుంది, అంతకుమించి ఏమీ జరగలేదు.

“దానికి అది తప్పని తెలీదు మాస్టారూ,” అంది యామిని. పశువైద్యం చదివి, ఆ తర్వాత మెదడు మీద పరిశోధన చేసి, ఈ అలవాటు మాన్పించే యంత్రం కనిపెట్టిన మనిషి ఆవిడే. “కుక్కకి రోత అన్నదే లేదు. పసిపిల్లలకి మాత్రం ఉంటుందా? ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు. ఎవరో ఒకరు పక్కన కూచుని ఛీ, ఛీ అని నేర్పాలి. నేర్పినవాళ్ళ రోతే జన్మంతా మనకి మిగుల్తుంది. నేను చేసిందల్లా మీ ఛీని తీగ లేకుండా కుక్క కడుపులోకి పంపడం.”

ఆ పంపడం ఎలాగంటే, యంత్రం రెండు ముక్కలు. ఒకటి యజమాని మణికట్టుకి పెట్టుకునే బ్యాండు. మనిషికి దేన్ని చూసైనా రోత పుడితే ఆ సంగతి మనసుకి తెలిసేలోపలే పొట్టకి తెలిసిపోతుంది. పొట్ట కండరం బిగుస్తుంది, నాడి తడబడుతుంది, చర్మం చెమరుస్తుంది. బ్యాండులోని సెన్సర్లు ఇవన్నీ పసిగట్టి రెండో ముక్కకి సిగ్నల్ పంపుతాయి. రెండోది కుక్క మెడకి కట్టే పట్టీ. కుక్క మెడలోంచి పొట్టకి దిగే నరాన్ని ఆ పట్టీ సన్నగా కదిలిస్తుంది. కుక్కకి కడుపులో దేవినట్టవుతుంది, పట్టీ బిళ్ళ మీద ఎర్రదీపం వెలుగుతుంది. అలాగే యజమానికి ఇష్టం కలిగితే పచ్చదీపం వెలిగి కుక్కకి ఆకలి పుడుతుంది. కంపెనీ దానికేదో నోరు తిరగని పేరు పెట్టిందిగాని, జనం ఛీపట్టీ అన్నారు. ఆ పేరే నిలిచింది.

యామిని బ్యాండు ఆయన చేతికి పెట్టి, పట్టీ దొర మెడకి బిగించింది. దొర మళ్ళీ గిన్నెలో మూతి పెట్టింది. విశ్వంభరానికి వెలపరం వచ్చి మొహం చిట్లించాడు. ఎర్రదీపం వెలిగింది. దొర పొట్ట లోపలికి లాక్కుపోయింది, నోరు తెరిచి తిన్నదంతా అక్కడే కక్కేసింది. నొప్పి కాదు కాబట్టి అరవలేదు. ఇదేమిటా అన్నట్టు గిన్నె వైపు చూసింది. మళ్ళీ వాసన చూసింది, మళ్ళీ కక్కింది. ఇంకొంచెం సేపటికి ఆ గిన్నెని చూస్తేనే మొహం తిప్పుకుని గోడవారకి నక్కింది. విశ్వంభరం పెరుగన్నం ఒక చెంచా తన నోట్లో వేసుకున్నాడు. పచ్చదీపం. దొర వచ్చి పెరుగన్నం ఊడ్చిపెట్టింది.

“ఒక్క జాగ్రత్త,” అంది యామిని. “ఎర్రదీపం అదేపనిగా వెలగనివ్వకండి. మీకు దేన్ని చూసి రోత పుట్టిందో కుక్కకి తెలీదు. ఆ క్షణాన దాని ముక్కుకి ఏ వాసన గట్టిగా తగుల్తోందో, తన బాధని ఆ వాసనకి ముడిపెట్టుకుంటుంది. ముడి పడితే విప్పడం మహా కష్టం.”

“నాకు రోత పుట్టించేవి ఈ ప్రపంచంలో చాలా తక్కువ డాక్టరుగారూ,” అని నవ్వాడు విశ్వంభరం. ఆ మాట ఆయన నమ్మే అన్నాడు.

ఏడాది తిరిగేసరికి రాజమండ్రిలో ఛీపట్టీ లేని కుక్క అంటే వీధికుక్కే. అప్పటికి ఊళ్ళో డ్రైవర్లు లేని ఆటోలు వచ్చేశాయి, గోదావరి గట్టు పొడుగునా గాలి కడిగే యంత్రాలు వచ్చేశాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. కుక్కల గురించే చెవులు కొరుక్కున్నారు. ఎందుకంటే కుక్కలు పెంట తినడం మానేసిన తర్వాత కూడా కక్కడం మానలేదు.

దానవాయిపేటలో ఒక ఇల్లాలి కుక్క రోజూ సాయంత్రం ఆవిడ భర్త ఇంట్లో అడుగుపెట్టగానే కక్కేది. పాపం ఆయన సబ్బు మార్చాడు, చెప్పులు మార్చాడు, పళ్ళడాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాడు. చివరికి ఒకరోజు భార్య నిద్రపోతూంటే ఆవిడ చేతి బ్యాండు విప్పి తను పెట్టుకుని చూశాడు. కుక్క హాయిగా తోకాడించింది. వాళ్ళిద్దరూ ఇప్పుడు వేరువేరు ఇళ్ళల్లో ఉంటున్నారు. పనిమనుషులు కొత్త ఇంట్లో చేరేముందు జీతం మాట తర్వాత, ముందు కుక్కని చూపించమనేవాళ్ళు. ఇహ నాయకులు ఊరుకుంటారా? ఒకాయన ఎన్నికల్లో చేతికి బ్యాండు పెట్టుకుని, కుక్కని వెంటేసుకుని పేదల వాడలన్నీ తిరిగాడు. కుక్క ఒక్కచోట కూడా కక్కలేదు. దానికి వాంతులు కట్టే మాత్ర వేసి తెచ్చారని గెలిచాక తెలిసింది. కుక్కసాక్ష్యం అనే మాట ఊళ్ళో పుట్టింది అప్పుడే. నమ్మలేని మాట ఎవరైనా అంటే, ‘ఏదీ, కుక్కసాక్ష్యం చెప్పించు’ అనడం రివాజైపోయింది.

ఈ గొడవలన్నిట్లోనూ విశ్వంభరం తల ఎత్తుకు తిరిగాడు. దొర పట్టీ మీద ఎర్రదీపం వెలగడం ఎవరూ చూడలేదు. ఆయన సోషియాలజీ ప్రొఫెసరుగా చేసి రిటైరైనవాడు. అగ్రహారంలో పుట్టి, కుర్రతనంలోనే జంధ్యం తెంపి గోదాట్లో పారేసి, అప్పట్నుంచీ కులం మీద యుద్ధం చేస్తున్నవాడు. యుద్ధమంటే ముఖ్యంగా ఉపన్యాసాలే. ఏటా గోదావరి గట్టున సహపంక్తి భోజనాలు కూడా పెట్టించేవాడు. అన్ని కులాలవాళ్ళూ ఒకే వరసలో కూచుని తినే ఆ భోజనాలకి వంటమనిషి మాత్రం ఎప్పుడూ ఒకడే, అగ్రహారం నుంచి వచ్చే సోమయాజులు. బాగా వండుతాడని పిలుస్తున్నాం అనుకునేవాడు విశ్వంభరం. నిజంగానే బాగా వండుతాడు.

ఆయన ఎవరి భుజం మీదైనా చెయ్యేస్తాడు, ఎవరి పక్కనైనా కూచుంటాడు. కానీ ఇన్నేళ్ళలో దళితుల ఇంట్లో, వాళ్ళ పొయ్యిమీద ఉడికిన అన్నం ఒక్క ముద్ద తినలేదు. తినకూడదని కాదు. ‘ఇప్పుడే టిఫిను చేసొచ్చానండీ’, ‘సభకి ఆలస్యమైపోతోందండీ’ అని ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఆ అడ్డొచ్చేదేమిటో తిరిగి చూసుకునే అవసరం ఆయనకెప్పుడూ కలగలేదు.

ఆయనకి ఉన్నదల్లా ఒక్క కూతురు, వకుళ. పసితనంలోనే తల్లి పోతే, అన్నం కలిపి ముద్దలు పెట్టి, జడలేసి, ఆయనే పెంచాడు. ఇప్పుడు గోదావరి మీద కొత్త వంతెన కట్టేచోట ఇంజనీరు. అక్కడే పనిచేసే సుధీర్‌ని చేసుకుంటానని ఒకనాడు చెప్పింది. సుధీర్ తండ్రి నేలపూడి సత్యానందం హెడ్మాస్టరుగా చేసినవాడు, తల్లి మార్తమ్మ నర్సుగా చేసింది. బొమ్మూరులో సొంత ఇల్లు. దళిత కుటుంబం.

విశ్వంభరం కూతుర్ని కావలించుకుని ఏడ్చేశాడు. “ఇన్నాళ్ళూ నా దగ్గర దాచావటమ్మా? నాకింతకన్నా ఏం కావాలే!” అన్నాడు. ఆ కన్నీళ్ళు నిజమే. వచ్చే నెల విజయవాడ సభలో ఈ సంగతి ఎక్కడ చెబితే బాగుంటుందో అప్పటికే తట్టిన మాటా నిజమే.

సత్యానందం వచ్చి కలిశాడు. సన్నటి మనిషి, మాట నెమ్మది.

“పెళ్ళి రిజిస్ట్రారాఫీసులో చేసేద్దామండి, ఆర్భాటాలేం వద్దు,” అన్నాడు. “ఒక్కటే మా ఆవిడ కోరికండి. ముందు మీరు మా ఇంటికొచ్చి ఓ పూట భోంచెయ్యాలి. మా ఇంటికి చాలామంది పెద్దోళ్ళొచ్చారండి. కుర్చీలో కూచుంటారు, మంచమ్మీదా కూచుంటారు. కంచం ముందు మాత్రం ఎవరూ కూచోలేదండి.”

విశ్వంభరానికి అది ఎక్కడో తగిలింది. “నన్ను కూడా వాళ్ళలో కలిపేశారా సత్యానందంగారూ?”

“అయ్యయ్యో, అదేంటండీ...”

“కాదు, ఉండండి. నేనొక్కణ్ణే రాను. నా కుక్కని కూడా తెస్తాను, పట్టీతో. మీ అందరి ముందూ తింటాను. ఒక్కసారి ఎర్రదీపం వెలిగిందా, మళ్ళీ జన్మలో మైకు పట్టుకోను.”

“మేం అలాంటివేం అడగలేదండీ,” అన్నాడు సత్యానందం, కుంచించుకుపోయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర వకుళ, “దొరని తేవద్దు నాన్నా,” అంది.

“ఏం, నామీద నీకూ అనుమానమేనా?”

“నువ్వు వాళ్ళ ముందు పరీక్ష రాయక్కర్లేదు నాన్నా. మామూలుగా అన్నం తింటే చాలు. వాళ్ళకి కావలసిందంతే, నాకూ అంతే. ఆ ఒక్క పూట సవ్యంగా జరిగితే మిగిలినదంతా నేను సర్దుకుంటాను. జరక్కపోతే మటుకు ఇక నేను ఇటూ అటూ తిరగలేను. అటే ఉండిపోతాను.”

ఇంతకన్నా తేటతెల్లంగా ఏ కూతురూ చెప్పదు. విశ్వంభరానికి అర్థమైంది కూడా. అర్థమయ్యే, ఆదివారం పొద్దున్నే దొరకి స్నానం చేయించి, పట్టీలో కొత్త బ్యాటరీ వేసి, మెడకి బిగించాడు. పంతం అంటే ఇలాగే ఉంటుంది. అందులోనూ తనంటే తనకి ఎంతో నమ్మకమున్న మనిషి పంతం.

మార్తమ్మ తెల్లవారుజామునే లేచి వండింది. పనసపొట్టు కూర ఆవపెట్టి చేసింది, ఆయనకిష్టమని వకుళని అడిగి తెలుసుకుని. ముక్కల పులుసు, కందిపచ్చడి, గుమ్మడి వడియాలు, గడ్డపెరుగు. గుడ్డు కూడా ఆ పూట ఇంట్లోకి రానివ్వలేదు. గిన్నెలు కొత్తవి కొంది. కొత్తవి ఎందుకో ఆవిడా చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నేలమీద చాపలు పరిచి అరిటాకులు వేసింది.

“కూచోండి అన్నయ్యగారూ,” అంది, వియ్యంకుణ్ణి పిలిచే వరసతో.

విశ్వంభరం కూచున్నాడు. పక్కనే దొరని కూచోబెట్టుకుని, పట్టీ బిళ్ళ అందరికీ కనబడేలా ముందుకి తిప్పాడు. ఎదురుగా సత్యానందం, సుధీర్, వకుళ కూచున్నారు. మార్తమ్మ వడ్డించింది. పనసపొట్టు వాసన కమ్మగా ఉంది. ఆయన నోరూరింది. ఇందులో అబద్ధం లేదు.

అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఎర్రదీపం వెలిగింది.

దొర ఒళ్ళంతా జలదరించింది. మెడ చాచి, రెండుసార్లు గొంతు ఆడించి, పొద్దున తిన్న పాలూ బిస్కట్లూ చాప అంచున కక్కింది.

“ఎండలో తీసుకొచ్చారు కదండీ, కడుపు తిరిగిపోయుంటాది,” అంది మార్తమ్మ గబగబా. గుడ్డ తెచ్చి తుడిచింది.

“అంతే, అంతే. ఎండ,” అన్నాడు విశ్వంభరం. “కూర అమృతంలా ఉందమ్మా.” రెండో ముద్ద తిన్నాడు. ఎర్రదీపం. దొర మళ్ళీ కక్కింది.

ఆయన లోపల వెతుక్కున్నాడు. రోత ఏదీ? నాలిక్కి రుచి తెలుస్తోంది, మనసులో గౌరవం ఉంది, ఎదురుగా కూతురుంది. ఎక్కడా ఏమీ కనబడలేదు. కనబడదు కూడా. అది ఆయన పుస్తకాలు చదవకముందు, మాటలు కూడా సరిగా రాకముందు, పాలేరు పిల్లాడి చేతిలోని రొట్టెముక్క అందుకోబోయినప్పుడు ఎవరో చెయ్యి మీద చరిచి ఛీ అన్నప్పుడు పొట్టలో చేరి కూచుంది. అక్కడికి ఉపన్యాసాలు చేరవు.

సుధీర్ విస్తట్లోకే చూస్తున్నాడు. సత్యానందం తినడం ఆపేశాడు. వకుళ కళ్ళు పట్టీ బిళ్ళ మీదే ఉన్నాయి.

“నాన్నా, బ్యాండు తీసెయ్,” అంది మెల్లిగా.

తీస్తే ఒప్పుకున్నట్టే. “ఎందుకు తియ్యాలి? యంత్రంలో ఏదో తేడా ఉంది. తింటూంటే అదే సర్దుకుంటుంది,” అని మూడో ముద్ద కలిపాడు. తిన్నాడు. నాలుగోది తిన్నాడు. పచ్చదీపం వచ్చేదాకా తినాలని కూచున్నాడు. “మారు వడ్డించమ్మా,” అన్నాడు. “పులుసు కూడా వెయ్యి. చాలా బాగుంది.” మార్తమ్మ దొర వైపు చూసింది. వడ్డించింది. ఆయన మొహం నిండా నవ్వు పులుముకుని గబగబా తింటున్నాడు, ఒక్కో ముద్దకీ పక్కన దొర మెలికలు తిరిగిపోతోంది. పాలు అయిపోయాయి, పసరు అయిపోయింది. కాళ్ళు నిలవక చాప మీద పడి, మూతి ఆయన తొడకి ఆన్చి, ఆయన పంచె మీదే కక్కింది. ఈసారి అందులో నెత్తురు జీర కనబడింది. అయినా ఆయన చెయ్యి విస్తరి మీదికే వెళ్ళింది.

మార్తమ్మ గరిటె కింద పెట్టి, నేలమీద కూలబడి దొర మెడ పట్టుకుంది. జడలోంచి పిన్ను తీసి పట్టీ బిళ్ళలోంచి ఏదో గిల్లి పారేసింది. దీపం ఆరిపోయింది. దొర రొప్పుతూ ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది.

“చాలండి ప్రొఫెసరుగారూ,” అంది. ఇప్పుడు అన్నయ్యగారూ అనలేదు. “మీరు తింటే మాకొచ్చే గౌరవం ఏం లేదండి. తినకపోతే పోయేదీ ఏం లేదు. నోరులేని జీవం, దీని పేగులు బైటికొచ్చేత్తన్నాయి. మీకు కనబడ్డం లేదా?”

విశ్వంభరం చేతిలో ముద్ద అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక విస్తట్లో పెట్టాడు. “నేను... నాకు నిజంగా నచ్చిందమ్మా,” అన్నాడు.

“నువ్వెళ్ళు నాన్నా,” అంది వకుళ. ఆ అమ్మాయి ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండునని ఆయనకనిపించింది.

పెళ్ళి రిజిస్ట్రారాఫీసులోనే జరిగింది. విశ్వంభరం వెళ్ళి ఒక పక్కన నిలబడ్డాడు. అందరూ మర్యాదగా పలకరించారు, ఫోటోలో కూడా నిలబెట్టారు. తర్వాత ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంట్లో దొర మారిపోయింది. ఆయన గదిలోకి వస్తే గోడవారకి పోతుంది. అన్నం కలిపి పెడితే ఆయన చెయ్యి వాసన తగలగానే గొంతు ఆడిస్తుంది. ఒళ్ళు నిమరబోతే కక్కుతుంది. మొదట్లో విశ్వంభరం కుమిలిపోయాడు. తర్వాత ఒకనాడు అద్దం ముందు నిలబడి ఆ పూట సంగతి తలుచుకుని సిగ్గుతో తల దించుకున్నప్పుడు, వెనక దొర డోకడం వినబడింది. ఆయన మనసు ఒక్కసారి తేలికైపోయింది.

ఇంకేం, దొరికింది! ఇది తన రోతే. తనంటే తనకి పుట్టిన రోత. పశ్చాత్తాపం. కుక్క పొట్టలో పలుకుతోంది!

మైకు పట్టుకోనన్న మాట మర్చిపోయాడు. విజయవాడలో చెప్పాడు, గుంటూరులో చెప్పాడు. “మిత్రులారా, నా కులాన్ని నా కుక్క కక్కేసింది. ఇవాళ నన్ను చూసి కక్కుతున్నది కుక్క కాదు, నా అంతరాత్మ!” అని ఆగేవాడు. దొర వేదిక మీద ఆయన పక్కనే నిలబడి, చెప్పినట్టే కక్కేది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆయనకి ఇంతకుముందెప్పుడూ రానన్ని పిలుపులు వచ్చాయి. అందరికీ కనిపించింది వేదిక మీద పశ్చాత్తాపపడుతున్న పెద్దమనిషి. పక్కన డొక్కలు తేలిపోతున్న కుక్కని, దాని మెడలో దీపాన్ని ఎవరు చూస్తారు? సభలు లేక ఊళ్ళో ఉన్న రోజుల్లో ఎదురింటివాళ్ళు పడేసే తిండే దానికి తిండి.

ఒకనాడు దొర లేవలేకపోయింది. అప్పుడు డాక్టర్ యామిని గుర్తొచ్చింది.

యామిని దొర పొట్ట నొక్కి చూసింది, కళ్ళ రెప్పలెత్తి చూసింది. ఆయన చెప్పిందంతా, అంతరాత్మతో సహా, వింది. తర్వాత పట్టీ విప్పి బిళ్ళ మూత తీసింది.

“ఇందులో బ్యాటరీ ఏది మాస్టారూ?”

“ఉంటుందిగా? నేనే వేశాను, ఆ ఆదివారం పొద్దున్న...” అని, మార్తమ్మ చేతిలో పిన్ను కళ్ళముందు మెదిలి, ఆగిపోయాడు.

“ఆ రోజునించీ ఇది ఉత్త తోలుపట్టీ. మీ చేతి బ్యాండునించి దీనికి ఏదీ చేరటం లేదు. మీ పశ్చాత్తాపం, మీ సిగ్గు, ఏదీ. ఆ పూట మీరు తిన్న ప్రతి ముద్దకీ దీనికి పేగులు మెలిపడ్డాయి. అప్పుడు దీని ముక్కుకి దగ్గర్లో ఉన్నది మీరు. ముడి పడిపోయింది.” యామిని గొంతు పెంచలేదు. “మిమ్మల్ని చూసి కక్కుతున్నది మీ రోత కాదు మాస్టారూ. దాని సొంతం.”

విశ్వంభరం ఆ ఖాళీ బిళ్ళని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“విప్పడం కుదరదా?” అన్నాడు.

“ఒకటే దారి. మీరంటే ఇష్టమున్న మనిషి ఎవరైనా బ్యాండు పెట్టుకుని, మీరు దీనికి అన్నం పెడుతున్నప్పుడు ఎదురుగా కూచోవాలి. మిమ్మల్ని చూసి వాళ్ళకి కలిగే ఇష్టం పచ్చదీపమై దీనికి చేరాలి. కొన్నాళ్ళు అలా చేస్తే మీ చెయ్యంటే దీనికి మళ్ళీ ఆకలి పుట్టచ్చు. నటిస్తే మాత్రం పనిచెయ్యదు. ఎవరున్నారు మీకు?”

“మా అమ్మాయి ఉందిగా!” అన్నాడు విశ్వంభరం వెంటనే.

ఫోన్ చేస్తే వకుళ వస్తానంది. వచ్చింది. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో కాలు పెట్టడం అదే మొదలు. దొర తన బలమంతా కూడదీసుకుని ఆమె కాళ్ళ చుట్టూ తిరిగింది. వకుళ దాని డొక్కలు తడిమి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బ్యాండు తనే అడిగి చేతికి పెట్టించుకుంది.

“నీమీద నాకు కోపం ఎప్పుడో పోయింది నాన్నా,” అంది. “మా అత్తగారు కూడా ఆ మాట ఎప్పుడూ ఎత్తరు. నిన్ను ఓ మాటు రమ్మని కూడా అన్నారు. నా మనసులో నిజంగా ఏం లేదు.”

ఆనాడు విశ్వంభరం ఎంత నిజంగా విస్తరి ముందు కూచున్నాడో, వకుళ కూడా ఈ మాట అంత నిజంగానే అంది.

ఆయన ప్రాణం లేచొచ్చింది. వంటింట్లోంచి కంచం తెచ్చుకుని నేలమీద కూచున్నాడు. వకుళ ఎదురుగా కూచుంది. దొర ఆయనకి ఒక పక్కగా, గొలుసు పొడుగంతా దూరం జరిగి, మొహం తిప్పుకుని పడుకుంది. యామిని బ్యాటరీ వేసిచ్చిన పట్టీ బిళ్ళ ఆయన వైపుకే ఉంది. వేడివేడి అన్నంలో పప్పూ నెయ్యీ వేసి, కలిపి, మెత్తగా ముద్ద చేశాడు. దొరకి పెట్టబోయి, కూతురి మొహం చూసి ఆగాడు. తల్లి లేని పిల్ల. పదో తరగతికి వచ్చినా ఈ చేత్తో పెడితే తప్ప తినేది కాదు.

“ముందు నువ్వో ముద్ద తినమ్మా,” అని చెయ్యి చాచాడు.

వకుళ ముందుకి వంగి నోరు తెరిచింది. ఆయన ముద్ద పెట్టాడు. వకుళ నమిలింది. చిరునవ్వు నవ్వింది.

“బాగుంది నాన్నా,” అంది.

దొర మెడలో ఎర్రదీపం వెలిగింది. పొట్ట లోపలికి లాక్కుపోయింది. కక్కడానికి లోపల ఏమీ లేక, పచ్చటి పసరు ఒక్క ధారగా నేలమీదికి వచ్చింది.

వకుళ కూచున్నచోటికి బిళ్ళ కనబడదు. “ఏ దీపం నాన్నా?” అని అడిగింది.

“పచ్చదేనమ్మా,” అన్నాడు విశ్వంభరం.

వకుళ నేలమీద తన కాళ్ళవైపు పాకుతున్న పసరుని చూసింది. తండ్రి మొహం చూసింది. ఆమె మొహంలో నవ్వు అలాగే ఉంది.

“అయితే ఇంకో ముద్ద పెట్టు నాన్నా,” అని మళ్ళీ నోరు తెరిచింది.

విశ్వంభరం ముద్ద కలిపాడు. కలిపి, కంచంలోనే వదిలేసి, చెయ్యి కడుక్కుని వచ్చాడు. “చాల్లేమ్మా,” అని కూతురి పక్కన కూచుని, ఆమె చేతి బ్యాండు విప్పడం మొదలుపెట్టాడు. వకుళ వద్దనలేదు.